ఎం.ఏ. చదువు, హైస్కూలు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు: వారానికి పది గంటలతో ఎలా నెట్టుకురావాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. సత్తెనపల్లి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా చేస్తున్నారు. బస్సులో ముప్పావుగంట ప్రయాణం. బాబు మూడో తరగతి, పాపకు మూడేళ్లు. మీవారిది ప్రైవేటు ఉద్యోగం, ఇంట్లో అత్తగారున్నారు. జులైలో ఇగ్నో దూరవిద్య విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఇంగ్లీషుకు చేరారు. మొదటి ఏడాదికి ఎనిమిదేసి క్రెడిట్ల పేపర్లు నాలుగు: కవిత్వం, నాటకం, నవల, భాషాశాస్త్రం. నవంబరు వచ్చినా ఒక్క బ్లాకు (పాఠ్యపుస్తకంలో ఒక భాగం) కూడా పూర్తి కాలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదవాలని పెట్టుకున్న నియమం తొమ్మిదో రోజుకే తప్పింది. తర్వాత నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) రాయాలని ఉంది. "నాకు పట్టుదల లేదేమో, మానేయమంటారా?" అన్నారు.

మానేయకండి టీచరుగారూ. కానీ రెండేళ్లలో ముగించాలన్న ఆలోచన మాత్రం ఈరోజే వదిలేయండి. మీ పట్టుదలలో లోటేమీ లేదు. మీ దగ్గర లేని గంటలు ఉన్నాయనుకుని ప్రణాళిక వేసుకున్నారు, అందుకే అది తొమ్మిది రోజులకు మించి నడవలేదు.

లెక్క చూడండి. ఇగ్నో ఒక క్రెడిట్‌ను ముప్పై గంటల చదువుగా లెక్కిస్తుంది. ఎనిమిది క్రెడిట్ల పేపరంటే 240 గంటలు, నాలుగు పేపర్లకు 960. వారానికి పద్దెనిమిదిన్నర గంటలు పడుతుంది. ఇప్పుడు మీ వారం. మొత్తం 168 గంటలు. బడి, ప్రయాణం కలిపి రోజుకు తొమ్మిది గంటల చొప్పున ఆరు రోజులకు 54. నిద్ర రోజుకు ఏడు గంటలు, వారానికి 49. వంట, పిల్లలు, బట్టలు, ఇల్లు రోజుకు అయిదు గంటలు వేసుకుంటే 35. స్నానం, భోజనం, పూజ, ఫోన్లు రోజుకు రెండు గంటలు, అంటే 14. కూడితే 152. మిగిలింది పదహారు. అందులో మూడో వంతు జ్వరాలకు, చుట్టాలకు, బ్యాంకు పనులకు, గ్యాస్ బండకు పోతుంది. చేతికి నిజంగా దక్కేది పది, మహా అయితే పదకొండు. పద్దెనిమిదిన్నర గంటల పని పది గంటల్లో పట్టదు. పట్టించాలంటే నిద్రలోంచి లాగాలి. మీరు చేసిందీ అదే.

నిద్రను ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. అయిదు గంటల నిద్రతో మూడు రోజులు చదవొచ్చు. నాలుగో రోజు నుంచి చదివిన పేజీ మళ్లీ చదవాల్సి వస్తుంది, ఎనిమిదో తరగతి పిల్లల మీద చిరాకు పడతారు, ఇంట్లో చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరుగుతాయి, గొంతు పెరుగుతుంది. అక్కడితో "ఈ చదువొచ్చి ఇల్లు పాడైంది" అన్న మాట పుడుతుంది. ఆ మాట ఒకసారి ఇంట్లో పడిందంటే చదువు మీద అందరికీ ఉన్న సానుభూతి పోతుంది.

కాబట్టి గంటలు పెంచే దారి లేదు. బరువు తగ్గించుకునే దారి ఉంది. దాన్ని విశ్వవిద్యాలయమే ఇచ్చింది. ఎం.ఏ.కు కనీస కాలం రెండేళ్లు, గరిష్ఠ కాలం నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో పేపర్లు ఎప్పుడు రాసినా పట్టా విలువ తగ్గదు. రెండో ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాక మూడో ఏట, నాలుగో ఏట మళ్లీ కోర్సు ఫీజు ఉండదు, రాసే పేపర్లకు పరీక్ష ఫీజు మాత్రమే. పరీక్షలు ఏటా జూన్‌లో, డిసెంబరులో రెండుసార్లు జరుగుతాయి. జులైలో చేరినవాళ్లకు తొలి అవకాశం వచ్చే జూన్. అక్కడి నుంచి ఎనిమిది పేపర్లను ఇలా పరుచుకోండి: మొదటి జూన్‌లో రెండు, ఆ డిసెంబరులో ఒకటి, తర్వాతి జూన్‌లో రెండు, డిసెంబరులో ఒకటి, మూడో జూన్‌లో రెండు. మూడేళ్లకు పూర్తవుతుంది. ఇంకో ఏడాది చేతిలో మిగిలే ఉంటుంది. ఏదైనా పేపరు పోయినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా ఆ ఏడాదే ఆదుకుంటుంది.

జూన్‌కు రెండు, డిసెంబరుకు ఒకటి అనడానికి కారణం మీ ఉద్యోగమే. జూన్ పరీక్షలకు ముందు వేసవి సెలవులున్నాయి, ఏప్రిల్ చివరివారం నుంచి జూన్ రెండోవారం దాకా. డిసెంబరు పరీక్షల ముందు మీకు అలాంటి వెసులుబాటు ఏదీ లేదు. శ్రావణం నుంచి కార్తీకం దాకా వ్రతాలు, చవితి, దసరా, దీపావళి, మధ్యలో బడిలో పరీక్షలు, పేపర్ల దిద్దుబాటు. అప్పుడు ఒక్క పేపరే పెట్టుకుంటే నడుస్తుంది.

ఏ పేపరు ఎప్పుడన్నది కూడా ఆలోచించి పెట్టుకోండి. తొలి జూన్‌కు భాషాశాస్త్రం, కవిత్వం. భాషాశాస్త్రంలో ధ్వనులు, పదనిర్మాణం మీరు బి.ఇడి.లో చూసినవే, బళ్లో చెబుతున్నవే. జవాబులు సూటిగా ఉంటాయి, మార్కులు పడతాయి, ధైర్యం వస్తుంది. నాటకం డిసెంబరుకు, నాటకాలు ఒక్కో ఆదివారం ఒక్కోటి చొప్పున చదవదగ్గ పొడవే. నవల పేపరును రెండో జూన్‌కు జరపండి. అందులో లావుపాటి నవలలున్నాయి, వాటిని బల్ల ముందు కూర్చుని చదివే పనిగా పెట్టుకుంటే మిగతాదేదీ సాగదు. ఇప్పటి నుంచే రాత్రి పడుకోబోయే ముందు పది పేజీలు కథ కోసం చదువుతూ పోండి, నోట్సు రాయకుండా. ఏడాదిన్నరలో అవి అయిపోతాయి. రెండో ఏడాది తప్పనిసరిగా ఉండే సాహిత్య విమర్శ, సిద్ధాంతాల పేపరు అన్నిటికన్నా బరువైనది. దాన్ని రెండో డిసెంబరుకు ఒంటరిగా ఉంచండి. ఎంచుకునే పేపర్లలో భారతీయ ఆంగ్ల సాహిత్యం, అనువాదంలో వచ్చిన సమకాలీన భారతీయ సాహిత్యం లాంటివి తీసుకుంటే నేపథ్యం కొత్తగా నేర్చుకునే గంటలు మిగులుతాయి.

విశ్వవిద్యాలయం లెక్క 240 గంటలైనా, ఇంగ్లీషు బి.ఏ. చదివి రోజూ ఇంగ్లీషు చెప్పే మీకు పేపరుకు 160 గంటలు సరిపోతాయని నా అంచనా. పాఠాలు, మూలరచనలు చదవడానికి 80, నోట్సుకు 25, అసైన్‌మెంటుకు 20, పాత ప్రశ్నలకు జవాబులు రాయడానికి 20, చివరి పునశ్చరణకు 15. జూన్‌కు రెండు పేపర్లంటే 320 గంటలు. ఇప్పటి నుంచి ఫిబ్రవరి చివరి దాకా పదహారు వారాలు, సంక్రాంతికి, ఒక జ్వరానికి కలిపి రెండు తీసేస్తే పద్నాలుగు వారాలు, 140 గంటలు. మార్చిలో వారానికి అయిదు చొప్పున 20. ఏప్రిల్ మొదటి మూడు వారాల్లో 15. సెలవుల్లో నలభై రోజులు, రోజుకు మూడున్నర గంటల చొప్పున 140. మొత్తం 315. దాదాపు సరిపోతోంది. నాలుగు పేపర్లయితే ఏం చేసినా సరిపోదు.

మార్చిని ఎందుకు సగానికి తగ్గించానో మీకు చెప్పనక్కర్లేదు. పదో తరగతి పరీక్షలు, ఇన్విజిలేషన్ డ్యూటీ, ఆ వెంటనే ఏప్రిల్లో స్పాట్ వాల్యుయేషన్, ఉగాది కూడా ఆ చుట్టుపక్కలే. చాలామంది టీచర్లు పడిపోయేది ఇక్కడే. జూన్ పరీక్షలకు అసైన్‌మెంటు గడువు మామూలుగా మార్చి 31. గడువు పొడిగిస్తారులే అని కూర్చుంటారు. తరచూ పొడిగిస్తారు కూడా. కానీ ఆ పొడిగించిన రోజులు స్పాట్‌లోకి, సొంత చదువు ఉండాల్సిన సెలవుల్లోకి వచ్చి పడతాయి. మీ గడువు ఫిబ్రవరి 28 అని గోడ క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాసుకోండి. డిసెంబరు పరీక్షలకు సెప్టెంబరు 30 అంటే, మీకు వినాయక చవితికి ముందే. జనగణన సంగతి కూడా గుర్తుంచుకోండి. ఇళ్ల జాబితా పని 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య, జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో అని కేంద్రం ప్రకటించింది. ఆ డ్యూటీ టీచర్లకు పడటం మామూలే, ఆ నెలల్లో మీ పది గంటలు అయిదవుతాయి.

అసైన్‌మెంట్లను ఇంతగా ఎందుకు పట్టుకుంటున్నానంటే, మీలాంటివాళ్లకు మార్కులన్నీ అక్కడే ఉన్నాయి. తుది ఫలితంలో అసైన్‌మెంటుకు 30 శాతం, పరీక్షకు 70 శాతం. రెండింటిలో విడివిడిగా 40 రావాలి. మీకు నెట్ రాయాలని ఉంది, దానికి ఎం.ఏ.లో 55 శాతం కావాలి (ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకు 50). అసైన్‌మెంటులో 80 వస్తే 24 మార్కులు చేతిలో ఉన్నట్టు. 55కు ఇంకా 31 కావాలి, అంటే పరీక్షలో 45 వస్తే చాలు. అదే అసైన్‌మెంటులో 50 వస్తే చేతిలో ఉండేది 15, పరీక్షలో 58 తెచ్చుకోవాలి. జూన్ ఎండలో, మూడు గంటలు చేతిరాతతో, ఆ పదమూడు మార్కుల తేడా తెచ్చుకోవడం చాలా కష్టం. ఇంట్లో పుస్తకం ముందు పెట్టుకుని, ఇష్టమైన వేళ రాసే జవాబులో తెచ్చుకోవడం తేలిక.

ఒక ప్రశ్నకు నాలుగు గంటలు పెట్టండి. రెండు గంటలు సంబంధించిన యూనిట్లు చదవడానికి, ఒక గంట చిత్తు, ఒక గంట సాపు. అయిదు ప్రశ్నలుంటే ఇరవై గంటలు. వారానికి ఒక ప్రశ్న చొప్పున రాస్తే రెండు పేపర్లు పది వారాలు, ఇప్పుడు మొదలుపెడితే సంక్రాంతి దాటాక అయిపోతాయి. బజారులో రెడీమేడ్ జవాబుల పుస్తకాలు, ఫోన్లో పీడీఎఫ్‌లు దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దు. ఒకే వాక్యాలు పాతిక కాగితాల్లో కనిపిస్తే దిద్దేవాళ్లకు తెలియకుండా ఎలా ఉంటుంది? అంతకన్నా పెద్ద నష్టం, అసైన్‌మెంటు రాసే ఇరవై గంటలే మీ పరీక్ష చదువులో మొదటి భాగం. అది ఎగ్గొడితే మేలో అంతా మొదటినుంచి మొదలవుతుంది.

ఇక వారంలోని పది గంటలు ఎక్కడెక్కడ. చదువులో మూడు రకాల పనులున్నాయి. కొత్త పాఠం చదవడం బరువైన పని. చిత్తు జవాబు రాయడం మధ్యరకం. సాపు రాయడం, పాత ప్రశ్నపత్రాలు విడదీసుకోవడం, నోట్సు మళ్లీ చూడటం తేలిక. అలసిపోయిన వేళకు బరువైన పని పెట్టడం వల్లే సాయంత్రం చదువు సాగదు. ఆదివారం పొద్దున ఆరు నుంచి ఎనిమిది, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు, ఈ నాలుగు గంటలూ కొత్త పాఠానికి. వారంలో మూడు రోజులు పొద్దున అయిదు నుంచి ఆరు చిత్తు జవాబుకు, మిగతా రోజులు అయిదున్నర దాకా పడుకోండి. అయిదింటికి లేచే రోజుకు ముందు రాత్రి పదింటికి పక్క ఎక్కాలి, లేకపోతే ఆ లేవడానికి అర్థం లేదు. పాప మీతోపాటే లేస్తుంటే పొద్దుటి గంట పనికిరాదు, దాన్ని సాయంత్రానికి మార్చండి. బడి వదిలాక వారంలో రెండు రోజులు ఒక గంట అక్కడే ఖాళీ గదిలో కూర్చుని సాపు రాసుకుని తర్వాతి బస్సుకు వెళ్లండి. ఇంటి గడప దాటి లోపలికొచ్చాక ఆ గంట ఎన్నటికీ దొరకదు. పిల్లల నోటుబుక్కులు లీజర్ పీరియడ్‌లోనే దిద్దేయండి, ఒక్క పుస్తకం కూడా ఇంటికి మోసుకెళ్లొద్దు. ఇక్కడికి తొమ్మిది. పదో గంట బస్సు. ఊగే బస్సులో సిద్ధాంతం ఎక్కదు. కవితలు మీ గొంతుతోనే ఫోన్లో రికార్డు చేసుకుని వినండి, మూడోసారికి పాదాలు నోటికొస్తాయి. పరీక్షలో కవితా భాగాలకు వ్యాఖ్య రాయమన్నప్పుడు అది ఎంత అక్కరకొస్తుందో చూస్తారు.

ప్రతి అయిదో వారాన్ని ఖాళీగా వదలండి. అందులో కొత్త పని పెట్టొద్దు. వెనకబడ్డవి ఉంటే అప్పుడు అందుకుంటారు, లేకపోతే పిల్లలతో గడుపుతారు. పాపకు జ్వరం వచ్చి నాలుగు రోజులు పోతే ఆ గంటలను మరుసటి వారం మీద రుద్దొద్దు. ఇరవై గంటల వారం ఎవరివల్లా కాదు. కాక, ఆ బెంగతో మూడో వారం కూడా పోతుంది.

గుంటూరు స్టడీ సెంటర్లో ఆదివారం క్లాసుల గురించి అడిగారు. ఇలాంటి పేపర్లకు హాజరు తప్పనిసరి కాదు. రానూపోనూ ప్రయాణం, క్లాసు కలిపి అయిదారు గంటలు, అంటే మీ వారంలో సగం. సాహిత్య విమర్శ పేపరుకు మాత్రం వెళ్లండి, అది వింటేనే లొంగుతుంది. మిగతావాటికి ఇగ్నో ఆన్‌లైన్ పుస్తక భండారం ఈజ్ఞానకోశ్‌లో పుస్తకాలన్నీ ఉన్నాయి. అచ్చుపుస్తకాలు రాలేదని రెండు నెలలు ఆగారు మీరు. ఇకమీద ఎప్పుడూ ఆగొద్దు. అక్కడి నుంచి కావలసిన బ్లాకు దించుకుని జిరాక్సు షాపులో రెండువైపులా తీయించుకోండి. ఫోన్లో చదవద్దు, వాట్సాప్ పక్కనే ఉంటుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. ఇది చదువుకన్నా ముందు తేలాలి.

మీ ఉత్తరంలో "మా వారు సాయం చేస్తారు" అని ఉంది. సాయం అన్నంతకాలం ఆ పని మీదే. బాబుకు సాక్సులు ఎక్కడున్నాయి, డైరీలో సంతకం అయిందా, రేపు తెల్ల యూనిఫామా రంగుదా, ఈ ఆలోచనంతా మీ తలలోనే తిరుగుతూ ఉంటుంది. ఆయన చేసేది చెప్పిన పని మాత్రమే. చదువుకు అడ్డొచ్చేది ఎక్కువగా ఆ ఆలోచనల రొదే. అందుకే ముక్కలు ముక్కలుగా అడగకుండా, ఒకటి రెండు పనులను మొదటినుంచి చివరిదాకా ఆయనకు అప్పగించండి. బాబు బడి పని మొత్తం: డైరీ, హోంవర్కు, యూనిఫాం, ఫీజు, పేరెంట్స్ మీటింగు. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఇద్దరు పిల్లల భోజనం, పాలు, పడుకోబెట్టడం. ఆదివారం మీ రెండు విడతల్లోనూ పిల్లలు ఆయన దగ్గరే. ఒకసారి అప్పగించాక ఆయన పద్ధతిలో చేస్తారు, మీ పద్ధతిలో కాదు. జడ వంకరగా వచ్చినా, టిఫిను డబ్బాలో అరటిపండే పెట్టినా మాట్లాడకండి. సరిచేయడం మొదలుపెడితే పని తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

అత్తగారి విషయంలో జాగ్రత్త. పగలంతా మూడేళ్ల పాపను చూస్తున్నది ఆవిడే. సాయంత్రం మీరు రాగానే ఆవిడకు విశ్రాంతి దొరకాలి. మీ చదువు గంటలను ఆవిడ విశ్రాంతిలోంచి తీస్తే నాలుగు నెలల్లో మనస్పర్ధ తప్పదు, అందులో తప్పు ఆవిడది కాదు. వీలైతే పాపను పొద్దుటిపూట అంగన్‌వాడీకో ప్లేస్కూలుకో పంపండి, ఆవిడకు రెండు గంటలు దొరుకుతాయి. ఆవిడతో కూర్చుని మూడు సంగతులు చెప్పండి: ఎన్నాళ్లు, వారంలో ఏయే వేళలు, పరీక్షలు ఏ నెలల్లో. "ఎప్పుడు చూసినా పుస్తకమే" అనిపించడానికి కారణం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో తెలియకపోవడమే. ఆదివారం అయిదింటికి పుస్తకం మూస్తానని చెప్పి అయిదింటికి మూసెయ్యండి, పేజీ మధ్యలో ఉన్నా సరే. నమ్మకం అలా కుదురుతుంది. ఇంటికొచ్చిన చుట్టాలకు "అమ్మాయి చదువుకుంటోంది, అయిదింటికొస్తుంది, మీరు కూర్చోండి" అని ఆవిడ నోటివెంట వస్తే ఎవరూ ఏమీ అనుకోరు. అదే మీరు చెబితే పొగరంటారు.

బాబుకు తన బడి పని ఉంది కదా, రోజూ ఒక అరగంట ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోండి. దాన్ని మీ చదువు గంటల్లో లెక్కపెట్టొద్దు, వాడు మధ్యలో పదిసార్లు లేపుతాడు. అయినా ఆ అరగంట వాడికి అవసరం, అమ్మ ఏం చేస్తోందో తెలుస్తుంది. పాపకు అది చెప్పినా తెలియదు. పడుకునే ముందు పావుగంట పూర్తిగా ఆమెకే ఇవ్వండి, ఫోను వేరే గదిలో ఉంచి.

శుభకార్యాలకు ఒక కొలత పెట్టుకోండి. సొంత రక్తసంబంధంలో పెళ్లిళ్లకు పూర్తిగా వెళ్లాలి. దూరపు వాటికి భోజనానికి మీవారో, అత్తగారో వెళతారు. దీన్ని ముందే ఇంట్లో అనుకుంటే శుభలేఖ వచ్చిన ప్రతిసారీ వాదన ఉండదు.

వంటలో రోజుకు అరగంట తగ్గించొచ్చు. శనివారం సాయంత్రం ఎలాగూ చదవలేరు, అలసిపోయి ఉంటారు. ఆ పూటనే వారం సరుకు సిద్ధం చేయండి. ఆదివారానికి పెట్టుకుంటే మీ మంచి గంటలు గ్రైండరు దగ్గర పోతాయి. రెండు గ్లాసుల మినప్పప్పుకు నాలుగు గ్లాసుల ఇడ్లీ రవ్వ మూడు పొద్దుల టిఫినుకు వస్తుంది. పిండి పొంగిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఎండాకాలం ఒక పూట బయట ఉంటే పులిసిపోతుంది. అల్లం, వెల్లుల్లి పావుకిలో చొప్పున నీళ్లు తగలకుండా ఉప్పు, కాస్త నూనె వేసి రుబ్బి గాజుసీసాలో ఉంచితే రెండు వారాలు నిలుస్తుంది. చింతపండు గుజ్జు, కందిపొడి అదే రోజు. పొద్దున కుక్కరులో అడుగున పప్పు, ఆకుకూర, పైన గిన్నెలో బియ్యం ఒకేసారి పెట్టేయండి. కూర ఒకటే. రెండో కూర పండక్కి.

చదివే పద్ధతి గురించి కొంచెం. పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. ఇగ్నో వెబ్‌సైటులో పాత ప్రశ్నపత్రాలున్నాయి. అయిదేళ్లవి, అంటే పది పత్రాలు దించుకోండి. ఏ బ్లాకు నుంచి ఎన్ని ప్రశ్నలొచ్చాయో ఒక కాగితం మీద గీతలు పెట్టండి. రెండు గంటల పని, అదీ తేలిక రకం. ఏవి తప్పక చదవాలో, ఏవి పైపైన చూస్తే చాలో తేలిపోతుంది. యూనిట్ చదివాక పుస్తకం మూసి ఒక పేజీ నోట్సు, ఒక్క పేజీయే, రాయండి. పుస్తకం చూస్తూ రాసింది మేలో మీకే కొత్తగా కనిపిస్తుంది. మూలకవితను, మూలనాటకాన్ని చదవకుండా బ్లాకు మాత్రమే చదివితే పాస్ మార్కులు వస్తాయి, 55 రావడం కష్టం. రోజూ నల్లబల్ల మీద రాసే చేయి కాగితం మీద మూడు గంటలు ఏకబిగిన రాయడం మరిచిపోయి ఉంటుంది. పరీక్షలో ఇరవై మార్కుల జవాబులు అయిదంటే, ప్రశ్నపత్రం చదవడానికి పది నిమిషాలు పోను ఒక్కోదానికి ముప్పై నాలుగు నిమిషాలు. సెలవుల్లో వారానికి రెండు జవాబులు గడియారం పెట్టుకుని రాయండి. అన్నీ తెలిసినా చివరి ప్రశ్న వదిలేసి వచ్చేవాళ్లు చాలామంది, కారణం మొదటి జవాబుకు యాభై నిమిషాలు పెట్టడమే.

కాగితాల పనిలో పోయే ఏళ్లే ఎక్కువ, అందుకే ఇవి తప్పక చూడండి. రెండో ఏడాది రీ-రిజిస్ట్రేషన్ మొదటి ఏడాది పరీక్షలు రాశారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా గడువులోపు చేయాలి. "నాలుగూ అయ్యాక కడదాం" అనుకుంటే ఒక సెషన్ పోతుంది. పరీక్ష ఫారం ప్రతి సెషన్‌కూ విడిగా నింపాలి, కోర్సు ఫీజు కట్టినంత మాత్రాన హాల్ టికెట్ రాదు. నింపే ముందు డేట్‌షీట్ చూసి మీ రెండు పేపర్లకూ మధ్య ఎన్ని రోజులున్నాయో గమనించండి. అసైన్‌మెంటు ప్రశ్నలు సెషన్‌ను బట్టి మారతాయి. మీ సెషన్ ప్రశ్నలేనా అని పైన ముద్రించిన కోడ్, సంవత్సరం చూసుకునే మొదలుపెట్టండి, పాతవాటికి రాస్తే ఇరవై గంటలూ వృథా. అవి ఒక ఏడాదే చెల్లుతాయి. ఈసారి రాయని నవల, నాటకం పేపర్లకు రాసే సంవత్సరం ప్రశ్నలు దించుకోవాలి, ఇప్పుడే రాసి దాచుకోకండి. ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫోన్లో స్కాన్ చేయండి, రసీదు తీసుకోండి. గ్రేడ్ కార్డులో మార్కులు ఎక్కేదాకా రెండూ భద్రం. మార్కులు ఎక్కకపోవడం అరుదేమీ కాదు, రసీదు ఉంటేనే మాట చెల్లుతుంది.

ప్రభుత్వ టీచరు కాబట్టి చదువుకు శాఖ అనుమతి తీసుకున్నారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. తీసుకోకపోతే ఈ వారమే హెచ్.ఎం. ద్వారా దరఖాస్తు పెట్టండి, ప్రవేశపత్రం జతచేసి. పట్టా వచ్చాక సర్వీస్ రిజిస్టర్‌లో నమోదు చేయించుకునేటప్పుడు మొదట అడిగేది ఆ కాగితమే.

సెలవుల లెక్క కూడా చూసుకోండి. ఏడాదికి 15 సి.ఎల్.లు (క్యాజువల్ లీవులు). జూన్ పరీక్షలు కొన్ని బడులు తెరిచాక పడతాయి, కొత్త అడ్మిషన్ల హడావిడి వేళ. ఒక్కో పేపరుకు పరీక్ష రోజు, దాని ముందురోజు కలిపి రెండు, మొత్తం ఏడాదికి ఆరు సి.ఎల్.లు చదువుకు పక్కన పెట్టండి. పిల్లల జ్వరాలకు నాలుగు. మిగిలిన అయిదు మాత్రమే తక్కిన అన్నిటికీ. డేట్‌షీట్ వచ్చినరోజే హెచ్.ఎం.కు తేదీలు రాసిచ్చి, మీ పీరియడ్లు ఎవరు తీసుకుంటారో మీరే మాట్లాడి పెట్టండి.

ఈ ఆదివారం పాఠం ఏదీ చదవొద్దు. పొద్దుటి విడతలో భాషాశాస్త్రం, కవిత్వం పాత ప్రశ్నపత్రాలు దించుకుని గీతలు పెట్టండి. మధ్యాహ్నం విడతలో మీవారిని, అత్తగారిని కూర్చోబెట్టుకుని క్యాలెండర్ మీద ఫిబ్రవరి 28ని, జూన్‌ను, ఆదివారాల వేళలను గుర్తుపెట్టండి. సోమవారం అనుమతి దరఖాస్తు. భాషాశాస్త్రం అసైన్‌మెంటు మొదటి ప్రశ్నకు చదవడం ఆ తర్వాతి ఆదివారం ఆరింటికి మొదలవుతుంది.